బొమ్మల భాగవతం చదివితే భాగవతం చదివినట్టేనా?

తెలుగు టీచర్లు నలుగురు కలిసిన చోట ఈ ప్రశ్న ఇప్పుడు తరచూ వస్తోంది. 2018లో వచ్చిన చట్టంతో తెలంగాణ బడులన్నిటిలో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అయ్యింది. దాంతో నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఇంగ్లీష్ మీడియం పిల్లవాడికి కూడా పద్యం తప్పడం లేదు. అదే పిల్లవాడు ఇంటికెళ్లి ఫోన్‌లో మాంగా అనే జపాన్ కామిక్‌లు గంటలకొద్దీ చదువుతాడు. "పోతనను కూడా అట్లనే ఇస్తే చదువుతడు కదా సార్" అని ఒకరంటే, "అప్పుడు వాడు చదివేది పోతనను కాదు" అని ఇంకొకరు అంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ కావ్యమో నవలో కామిక్‌గా మారేటప్పుడు అసలు ఏం పని జరుగుతుందో తేలకుండా ఈ వాదన ఎటూ తేలదు. అది కథను కుదించడమా, అనువదించడమా, లేక మళ్లీ రాయడమా?

బొమ్మలున్న పుస్తకాలన్నీ కామిక్‌లు కావు

ముందు పేర్ల సంగతి. 1947లో మొదలైన చందమామలో ప్రతి కథకూ బొమ్మ ఉండేది. వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ లాంటి వాళ్లు వేసిన ఆ బొమ్మలు ఇప్పటికీ కళ్లముందు ఉంటాయి. అయినా ఎక్కువ కథల్లో బొమ్మ తీసేసి చదివినా కథ తెలిసిపోతుంది. అక్కడ కథను మోసేది అక్షరాలు, బొమ్మ తోడుగా వస్తుంది. దాన్ని సచిత్ర కథ అనొచ్చు.

కామిక్‌లో బొమ్మ తీసేస్తే కథ తెగిపోతుంది. పేజీని కొన్ని చట్రాలుగా విడగొడతారు, ఒక్కో చట్రం ఒక ప్యానెల్. పాత్ర మాట బెలూన్‌లో ఉంటుంది, కథకుడి మాట పెట్టెలాంటి క్యాప్షన్‌లో ఉంటుంది. రెండు ప్యానెళ్ల మధ్య వదిలే సన్నని ఖాళీని గటర్ అంటారు. ఒక ప్యానెల్లో ఎత్తిన కర్ర, తర్వాతి ప్యానెల్లో కింద పడ్డ మనిషి ఉంటే, దెబ్బ ఎవరూ గీయలేదు. ఆ దెబ్బను చదివేవాడే ఆ ఖాళీలో వేసుకున్నాడు. కామిక్ చదివితే ఊహాశక్తి పోతుందనే వాళ్లు సాధారణంగా ఈ ఖాళీని లెక్కలోకి తీసుకోరు.

గ్రాఫిక్ నవల అన్నా పద్ధతి ఇదే, నిడివీ ఉద్దేశమూ వేరు. వారం వారం వచ్చే సన్న పుస్తకంలా కాకుండా, ఒక నవలలా మొదలై ముగిసే పెద్ద పుస్తకం. 1978లో అమెరికన్ చిత్రకారుడు విల్ ఐస్నర్ తన పుస్తకం మీద ఆ మాట వేసుకున్నాక అది బాగా వాడుకలోకి వచ్చింది.

ఈ పద్ధతి మనకు పరాయిదేం కాదు. చేర్యాలలో బట్ట మీద వేసే నకాషీ పటాల్లో ఎర్రటి నేల మీద కథ అడ్డ వరుసలుగా, వరుస కింద వరుసగా సాగుతుంది. కథ చెప్పేవాళ్లు పటం విప్పుకుంటూ, బొమ్మను చూపిస్తూ పాడతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్ల చేతిలో ఉండేది ఇలాంటి పటమే. కామిక్‌కీ దీనికీ ఉన్న తేడా ఒక్కటే, కానీ అది పెద్దది. పటానికి గొంతు పక్కన మనిషి రూపంలో ఉంటుంది. కామిక్‌లో ఆ గొంతు కూడా కాగితం మీదే ఉండాలి.

గజేంద్ర మోక్షంలో మూడు పద్యాలు, మూడు రకాల చిక్కు

పోతన ఊరు బమ్మెర మన తెలంగాణలోనే, జనగామ జిల్లాలో ఉంది కాబట్టి ఆయననే తీసుకుందాం (పోతనది ఒంటిమిట్ట అని వాదించేవాళ్లు ఈ ఒక్కసారికి క్షమించాలి). గజేంద్ర మోక్షంలో వరుసగా వచ్చే మూడు పద్యాలను బొమ్మల్లోకి తేవాలని కూర్చుంటే, సమస్య ఎక్కడుందో వాటంతటవే చెబుతాయి.

మొదటిది "అల వైకుంఠపురంబులో". మొసలి నోట చిక్కిన ఏనుగు మొర పెట్టుకున్నప్పుడు విష్ణువు ఎక్కడున్నాడో చెప్పే పద్యం. ముందు వైకుంఠపురం, అందులో నగరు, ఆ నగరులో మూలనున్న మేడ, దాని దాపున మందారవనం, వనంలో అమృత సరస్సు, సరస్సు ఒడ్డున చంద్రకాంత శిల, దాని మీద కలువల పాన్పు, పాన్పు మీద లక్ష్మితో వినోదిస్తున్న స్వామి. ఇది ఐదారు శతాబ్దాల కిందటే రాసిపెట్టిన ప్యానెళ్ల జాబితా. చిత్రకారుడు కొత్తగా కనిపెట్టాల్సింది దాదాపు ఏమీ లేదు. పేజీ పైభాగంలో వెడల్పాటి ప్యానెల్లో నగరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవయ్యే ప్యానెళ్లు, చివరిదాంట్లో ఉలిక్కిపడ్డ కళ్లు మాత్రమే. "పాహి పాహి" అనే అక్షరాలను ప్యానెళ్ల గీతలు దాటించి పేజీ పొడవునా రానిస్తే, మొర దూరం నుంచి వచ్చి చేరిన సంగతి కూడా తెలుస్తుంది.

అలాగని ఈ పద్యమూ పూర్తిగా రాదు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంగా పడే "ల" ప్రాస, ఆ సమాసం ఊపిరి తిప్పుకోకుండా పరుగెత్తే తీరు బొమ్మలో ఎక్కడా ఉండవు. దృశ్యం మొత్తం వస్తుంది, నాదం మొత్తం పోతుంది.

రెండోది "సిరికిం జెప్పడు". చిక్కంతా ఇక్కడుంది. ఈ పద్యంలో స్వామి చేయని పనులు ఆరు. లక్ష్మికి చెప్పడు. శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోడు. పరివారాన్ని పిలవడు. గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు. చెవుల మీద పడ్డ జుట్టు సర్దుకోడు. ప్రణయ కలహంలో పట్టుకున్న లక్ష్మి చెంగు కూడా వదలడు. తొందర ఎంతటిదో కవి మొత్తం "డు" "డు" అంటూ కాదనడంతోనే చెప్పాడు. బొమ్మకేమో కాదనడం రాదు. శంఖం గీస్తే శంఖం ఉన్నట్టే. గీయకపోతే, అది లేదన్న ఆలోచనే చదివేవాడికి రాదు.

కాస్త నిదానంగా చూస్తే ఈ ఆరింటిలో రెండు మిగతావాటి లాంటివి కావని తెలుస్తుంది. సర్దుకోని జుట్టు, వదలని చెంగు స్వామి ఒంటి మీదే కనబడతాయి. చెదిరిన జుట్టుతో, పిడికిట్లో చీర చెంగుతో పరుగెత్తే మనిషిని గీస్తే ఆ రెండూ మాట అవసరం లేకుండా వచ్చేస్తాయి. మిగిలిన నాలుగింటికి దారి వెతకాలి. పీఠం మీద మిగిలిపోయిన శంఖం, పక్కనే చక్రం, రెక్కలు ముడుచుకుని కునుకు తీస్తున్న గరుడుడు, తలుపు దగ్గర ఏమీ తెలియని సేవకులు, ఇలా వెనక మిగిలినవాటిని చిన్న చిన్న ప్యానెళ్లలో చూపించడం ఒక దారి. పరుగు ఒక్కటే పేజీ నిండా గీసి, క్యాప్షన్‌లో పద్యం ఉన్నదున్నట్టు వేయడం రెండో దారి. మొదటిది బొమ్మను నమ్ముతుంది, కానీ పద్యంలోని వేగం తగ్గుతుంది. రెండోది పద్యాన్ని కాపాడుతుంది, కానీ అక్కడ బొమ్మ మళ్లీ చందమామ బొమ్మే అవుతుంది. నాకు మొదటి దారే నచ్చుతుంది. పీఠం మీద ఒంటరిగా ఉన్న శంఖాన్ని చూసిన పిల్లవాడు "మరిచిపోయిండా?" అని అడిగితే, పద్యం సగం అర్థమైనట్టే.

ఆ చీర చెంగు దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. మూలంలో అది అమ్మవారి వక్షస్థలం మీది చెంగు. పద్యంలో అది సమాసం చాటున నడిచిపోతుంది. బొమ్మలో అలాంటి చాటు లేదు. బడి పుస్తకానికి వేసే చిత్రకారుడు దాన్ని భుజం మీది పమిట కొంగు చేసేస్తాడు. అది తప్పని అనలేం, కానీ మార్పు మాత్రం మార్పే.

మూడోది "తన వెంటన్ సిరి". స్వామి వెనక లక్ష్మి, ఆమె వెనక అంతఃపుర స్త్రీలు, ఆ వెనక గరుడుడు, ఆయుధాలు, నారదుడు, సేనాపతి, చివరికి వైకుంఠంలోని పిల్లాపెద్దా అందరూ. పుస్తకం రెండు పేజీలూ కలిపి ఒకే బొమ్మగా వేసుకోవడానికి ఇంతకంటే అనువైన పద్యం దొరకదు. చేర్యాల పటం వేసే మనిషికి ఇస్తే అడ్డ వరుసలో అలవోకగా వేస్తాడు.

అంటే ఒకే కవి, ఒకే ఘట్టం, ఒకే ఛందస్సు. అయినా ఒక పద్యం తనంతట తాను బొమ్మ అవుతుంది, ఒకటి ఎదురు తిరుగుతుంది, ఒకటి పేజీ చాలదంటుంది. కావ్యాన్ని కామిక్ చేయడమంటే ప్రతి వాక్యం దగ్గరా ఆగి, దీన్ని బొమ్మ మోయాలా, అక్షరం మోయాలా, ఖాళీకి వదిలేయాలా అని తేల్చుకోవడం. కుదింపు ఆ తర్వాతి సంగతి.

కుదింపు లెక్క

అది ఎంతో ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. 200 పేజీల నవల, పేజీకి 250 మాటలనుకుంటే 50 వేల మాటలు. 32 పేజీల కామిక్, పేజీకి ఐదు ప్యానెళ్లు, ప్యానెల్‌కు 20 మాటలనుకుంటే 3,200 మాటలు. పదిహేనింట ఒక వంతుకు కాస్త తక్కువే. అదే 120 పేజీల గ్రాఫిక్ నవల అయితే 12 వేల మాటలు పడతాయి, అంటే దాదాపు నాలుగో వంతు. వర్ణనలో ఎక్కువ భాగం బొమ్మలోకి పోతుంది కాబట్టి అది నష్టం కాదు. నష్టపోయేది రచయిత వ్యాఖ్యానం, పాత్ర మనసులో నడిచే ఆలోచన, పక్క కథలు. సన్న కామిక్ చదివి "ఇంతేనా ఆ నవల" అనుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకుంటే మంచిది.

గడీ ముందున్న మనిషిని ఎక్కణ్ణుంచి చూడాలి

పురాణం నుంచి మన ఊళ్ల నవలల్లోకి వస్తే చిక్కు వేరే రకంగా ఉంటుంది. వట్టికోట ఆళ్వారుస్వామి నకిరేకల్ దగ్గర పుట్టినవాడు. నిజాం కాలపు దొరతనాన్నీ వెట్టినీ ఆయన "ప్రజల మనిషి" నవలలో రాశాడు. ఆ తరహా నవలలో రాదగ్గ వాక్యం ఒకటి నేనే రాస్తాను: "మల్లయ్య గడీ ముందుకు వచ్చి నిలబడ్డాడు." ఐదు మాటలు. చదివేవాడు తనకు తెలిసిన గడీని, అంటే దొర ఉండే కోటలాంటి ఇంటిని, ఊహించుకుని ముందుకు పోతాడు.

చిత్రకారుడు అలా పోలేడు. గడీ దర్వాజ ఎంత ఎత్తు? మెట్లెన్ని? దొర కుర్చీలో ఉన్నాడా, ఉయ్యాల మీదా? మల్లయ్య చెప్పులు కాళ్లకున్నాయా, చేతిలోనా? తువ్వాల భుజం మీదుందా, చంకలోకి వచ్చిందా? దొర ముందు చెప్పులతో నిలబడనివ్వని ఊళ్లలో ఈ చిన్న వస్తువులే కథ. నవలాకారుడు చెప్పకుండా వదిలేసినవాటికి కూడా చిత్రకారుడు జవాబు చెప్పి తీరాలి. తప్పు గీస్తే, ఆ కాలం చూసిన పెద్దమనిషి మొదటి పేజీలోనే పుస్తకం మూసేస్తాడు.

ఇంకా పెద్ద నిర్ణయం చూపు ఎత్తు. మెట్ల పైనుంచి చూసినట్టు గీస్తే మల్లయ్య చిన్నగా, తల మాత్రమే కనబడేలా ఉంటాడు. అది దొర చూపు. నేల మీది నుంచి గీస్తే మెట్లు గోడలా లేస్తాయి, దొర కాళ్లే ముందు కనబడతాయి. అది మల్లయ్య చూపు. ఇద్దరినీ పక్క నుంచి సమానంగా గీస్తే పంచాయితీ చూసే మూడో మనిషి చూపు. వాక్యంలో ఈ పక్షపాతం లేదు. బొమ్మలో ఏదో ఒకటి ఉండక తప్పదు.

రంగుల విషయంలోనూ అంతే. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ లక్షల మంది పిల్లలకు పురాణాలు చేర్చింది, తెలుగులోనూ వచ్చింది. అందులో దేవతలు, రాజులు తెల్లగా, రాక్షసులు నల్లగా ఉంటారని చాలాకాలంగా విమర్శ ఉంది. పురాణం ఒంటి రంగు చెప్పని చోట కూడా బొమ్మకు రంగు వేయాలి కదా, ఆ వేసేటప్పుడే సమాజపు అలవాటు చేతిలోకి వస్తుంది. దానికి జవాబులాంటి పుస్తకం 2011లో వచ్చిన భీమాయన. అంబేడ్కర్ తన జీవితంలోని అంటరానితనపు అనుభవాల గురించి రాసుకున్నదాని ఆధారంగా పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. చతురస్రపు ప్యానెళ్లలో మనుషుల్ని బంధించం అని వాళ్లు గోండు ముగ్గుల గీతలతో పేజీని విడగొట్టారు. మంచి మాట పలికే వాళ్ల బెలూన్‌లు పిట్టల ఆకారంలో ఉంటాయి, విషం కక్కే మాటల బెలూన్‌లకు తేలు కొండి ఉంటుంది.

బెలూన్‌లో ఏ తెలుగు?

నవలలో కథనం ఎక్కువ, సంభాషణ తక్కువ. కామిక్‌లో తలకిందులు, మాటల్లో ఎక్కువ భాగం బెలూన్‌లలోనే. కాబట్టి నవలలో అక్కడక్కడా వినబడే యాస కామిక్‌లో పేజీ నిండా వినబడుతుంది. "ఏందిరా మల్లిగా, పిలిస్తె వస్తలేవు?" "నీ బాంచెన్ దొరా, పొలం కాడ ఉంటి." దీన్ని "ఎందుకు రాలేదు?" "పొలం దగ్గర ఉన్నానండి" అని మారిస్తే గడీయే కూలిపోతుంది. యాస ఉంచితే గుంటూరు పిల్లవాడికి కష్టం కాదా అని ప్రచురణకర్తకు టెన్షన్. కానీ కామిక్‌లో ఒక సౌలభ్యం ఉంది. అర్థం కాని మాట పక్కనే ముఖం ఉంటుంది.

పద్యాన్ని బెలూన్‌లో పెట్టడం మరో తలనొప్పి. పై మూడు పద్యాల ఛందస్సైన మత్తేభానికి పాదానికి 20 అక్షరాల చొప్పున 80 అక్షరాలు. వత్తులు కిందికి, గుణింతాలు పైకి పోతాయి కాబట్టి తెలుగు వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. ఇంగ్లీష్ కామిక్‌ను తెలుగులోకి తెచ్చినప్పుడు పాత బెలూన్‌లో అక్షరాలు కిక్కిరిసిపోవడానికి ఇదీ ఒక కారణం. పొడవాటి సమాసాన్ని వరుస చివర విరిస్తే అర్థమే విరుగుతుంది. ద్విపదకు ఈ బాధ తక్కువ, రెండు పాదాల్లో మాట పూర్తవుతుంది. పాలమూరు ప్రాంతపు వర్ధమానపురాన్ని ఏలిన గోన బుద్ధారెడ్డి పేరున ఉన్న రంగనాథ రామాయణం ద్విపదలోనే ఉంది. తోలుబొమ్మలాట వాళ్లు ఆ ద్విపదలు వాడుకోవడం ఊరికే జరగలేదు. బొమ్మ కదిలేలోపు చెప్పగలిగేంత కొలత అది.

మూలానికి ద్రోహమా, దారి చూపడమా?

వాదనలు ప్రధానంగా మూడు. కావ్యంలో కావ్యత్వం మాటలో ఉంటుంది, మాట తీసేస్తే మిగిలేది కథ మాత్రమే అన్నది మొదటిది. "అల వైకుంఠపురంబులో" దగ్గర ప్రాస పోవడం చూశాం కదా, ఈ వాదన బలం అదే. ఒకసారి బొమ్మ చూస్తే ఇక మనసులో వేరే రూపం రాదన్నదీ ఇందులో భాగమే. రచయిత కాఫ్కా 1915లో, మనిషి పురుగుగా మారిపోయే తన "రూపాంతరం" కథ అచ్చవుతున్నప్పుడు అట్ట మీద ఆ పురుగును మాత్రం గీయొద్దని, దూరం నుంచి కూడా చూపించొద్దని ప్రచురణకర్తకు రాశాడు. 2003లో పీటర్ కూపర్ దాన్ని కామిక్ చేసినప్పుడు పురుగును గీయక తప్పలేదు.

రెండోది, కామిక్ ఒక గుమ్మం, అక్కణ్ణుంచి మూలానికి పోతారన్నది. 1941లో అమెరికాలో ఆల్బర్ట్ కాంటర్ మొదలుపెట్టిన క్లాసిక్స్ ఇలస్ట్రేటెడ్ అనే, పేరున్న నవలల కామిక్‌ల వరుస ఈ నమ్మకం మీదే నడిచింది. చివరి పేజీలో, ఇప్పుడు లైబ్రరీకి వెళ్లి అసలు పుస్తకం చదవండి అని అచ్చు వేసేవాళ్లు. అందరూ వెళ్లలేదు. పరీక్షకు ముందు రోజు అసలు పుస్తకానికి బదులు దాన్నే చదివిన పిల్లలకు ఆ దేశంలో కొదవలేదు. గుమ్మం దాకా వచ్చినవాళ్లంతా లోపలికి రారు, నిజమే. గుమ్మమే లేకపోతే వచ్చేవాళ్లు ఇంకా ఎంతమంది అని అటువైపు వాళ్ల ప్రశ్న.

మూడో వాదన ఈ రెండింటినీ ఒప్పుకోదు. కామిక్‌ను మూలంతో కాకుండా కామిక్‌గానే కొలవాలంటుంది. దీనికి మన సాహిత్యంలోనే గట్టి సాక్ష్యాలున్నాయి. సంస్కృత భాగవతంలో హరి చక్రం పట్టుకుని గరుడుని మీద వస్తాడు. పోతన రెండూ వెనక వదిలేసి పరుగెత్తించాడు. రంగనాథ రామాయణంలో వారధికి సాయపడ్డ ఉడుత వాల్మీకంలో లేదు. వాళ్లను మూలద్రోహులని ఎవరూ అనలేదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. పోతన మార్చింది పోతన కాబట్టి నిలిచింది. మార్చే స్వేచ్ఛ అందరికీ ఉన్నా, మార్చినదల్లా నిలవదు. నా మటుకు మొదటి వాదన పద్యానికి బాగా వర్తిస్తుంది, మూడోది నవలకు బాగా వర్తిస్తుంది. రెండోది పుస్తకాన్ని బట్టి కాదు, పిల్లవాడి చేతికి ఆ తర్వాత ఇంకో పుస్తకం అందుతుందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

హక్కులు ఎవరివి?

1957 నాటి మన కాపీరైట్ చట్టం "అనుసరణ" అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే, కథను పూర్తిగా గానీ ప్రధానంగా గానీ బొమ్మల ద్వారా చెప్పే రూపం అని స్పష్టంగా ఉంది. అంటే నవలను కామిక్ చేసే హక్కు రచయితది. నేను ఒక్క వాక్యం కూడా ఎత్తుకోలేదు, బొమ్మలే వేశాను అంటే కుదరదు.

రచయిత బతికున్నప్పుడు అచ్చయిన రచనకు ఈ హక్కు, ఆయన పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు ఉంటుంది. ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, 2013తో ఆయన రచనల గడువు తీరింది. ఆళ్వారుస్వామి 1961లో పోయారు, 2022 మొదటి నుంచి ఆయన "ప్రజల మనిషి"ని ఎవరైనా గీయొచ్చు. పోతనకు ఈ చట్టంతో పనే లేదు. కానీ పోతన పద్యానికి ఈ మధ్య ఎవరో రాసిన తాత్పర్యం ముందు పెట్టుకుని, అందులోని మాటలే బెలూన్‌లలో దించితే చిక్కొస్తుంది. పద్యం అందరిదీ, తాత్పర్యం రాసినవాళ్లది. పాత పటాన్ని చూసి గీయడం వేరు, ఇప్పటి చిత్రకారుడు వేసిన పటాన్ని కాపీ చేయడం వేరు అన్నదీ ఇలాంటిదే.

హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా, తన పేరు ఉండాలనే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద రచయితకు మిగిలే ఉంటాయి. ఎంత మారిస్తే వికృతం అవుతుందన్నది కొలబద్ద లేని ప్రశ్న, వచ్చిన కేసును బట్టి కోర్టు తేల్చాల్సిందే.

తెలంగాణ పల్లెను, దొరతనాన్ని బొమ్మల్లోకి తేవాలనుకునే వాళ్లు ఎక్కువగా తలుచుకునే పుస్తకం దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు". ఆయన 2015లో పోయారు. 2075 చివరిదాకా హక్కులు ఉంటాయి కాబట్టి, ఇవాళ ఇరవై ఏళ్లున్న చిత్రకారుడు అనుమతి అడక్కుండా దాన్ని గీయాలంటే డెబ్బై ఏళ్లు వచ్చేదాకా ఆగాలి. అంతకంటే హక్కుదారులకు ఒక ఉత్తరం రాయడం సులువు.